రెండు ఫౌంటెన్ల కూడలి

"ఇదీ ఒక కూడలేనా? ఎండలో ఆరేసిన దుప్పటిలా ఉంది!"

హెడ్‌ఫోన్లో జిబెక్ గొంతు ఖంగుమంది. కరకోల్ పట్టణంలో కంప్యూటర్లు బాగుచేసే మిర్లాన్‌కు ఆ గొంతు వింటే చేతిలో మౌస్ దారి తప్పుతుంది. ఆర్నెల్లుగా ఇద్దరూ కలిసి ఆటలో ఒక నగరం కడుతున్నారు. ఆమె వీధులు వేస్తే అతను కరెంటు ఇస్తాడు. అతను కూడలి కడితే ఆమె తిడుతుంది. అతని మనసులో మాట మాత్రం ఈ ఆర్నెల్లలో గొంతు దాటి బయటికి రాలేదు.

"పాలరాయి పరిచాను కదా!"

"పరిచావులే. మనిషి కూర్చునే చోటేది? ముసలమ్మలు పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కునే బెంచీ ఏది? ఆ ఫౌంటెనొకటి, ఒంటికన్ను రాక్షసుడిలా! రెండోది పెట్టు."

పెట్టాడు. రెండు గుండ్రటి ఫౌంటెన్లు, చుట్టూ ఎర్ర తులిప్ పూలు, ఒక్కోదానికీ పైన వంకీ తిరిగిన సన్నటి బాట. బెంచీ సంగతి మరిచిపోయాడు. అయినా కూడలి అందానికి ఆట తొంభై ఆరు మార్కులిచ్చింది. ఆ మురిపెంలో పైనుంచి ఫొటో తీసి, "నీ కోసమే" అని రాసి పంపాడు.

గంట తర్వాత ఫోను మోగింది.

"కొంప ముంచావు మిర్లాన్! నీ ఫొటో మా నాయనమ్మ చూసింది."

"నచ్చలేదా?"

"ఒకసారి సరిగ్గా చూసుకో, మొద్దూ!"

చూసుకున్నాడు. వంకీలకు వేలాడుతూ, ఎర్రరాళ్లు పొదిగిన జత జూకాలు!

వెనక నుంచి నాయనమ్మ అరుస్తోంది. "జూకాలు పెట్టి పిల్లను ఖాయం చేసుకోవాలంటే పిల్లాడి తల్లి ఇంటికి రావాలి గానీ, ఇలా ఫోన్లో పంపిస్తారటే? ఎవరింటి పిల్లాడే వీడు?"

జిబెక్ గొంతు తగ్గించింది. "తెలియక చేశావు, నాకు తెలుసు. కూల్చెయ్. ఆవిడకు నేను సర్దిచెప్తాను."

మౌస్ కూల్చివేత బొమ్మ మీదికి వెళ్లింది. 'నిజంగా కూల్చాలా?' అని అడిగింది ఆట.

"కూల్చావా?"

"లేదు."

"ఏం? మార్కులు పోతాయనా?" ఆ మాటలో చిన్న ముల్లుంది.

"కాదు జిబెక్. తెలియకే కట్టాను. తెలిసే ఉంచుతున్నాను."

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"కుడి జూకాకు పూలు తక్కువయ్యాయి," అంది జిబెక్. "సరిచెయ్."

ఆదివారం మిర్లాన్ తల్లి అసలు వెండి జూకాలతో వాళ్లింటికి వెళ్లింది. నాయనమ్మ ఫోను పక్కనే వాటిని పెట్టి పరిశీలనగా చూసింది.

"ఫోన్లోవే పెద్దవి."

"అవి తగిలిస్తే మీ పిల్ల మెడ దాకా తడుస్తుంది పెద్దమ్మా!" అంటూ మిర్లాన్ తల్లి జిబెక్ చెవులకు జూకాలు పెట్టింది.

కానుకల మూటలు మోయడానికి తల్లి వెంట వచ్చిన మిర్లాన్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. నాయనమ్మ కాస్త జరిగి, పరుపు మీద పక్కన చెయ్యేసి తట్టింది. "రారా, కూర్చో."

జిబెక్ అతని చేతికి టీ గిన్నె అందిస్తూ గొణిగింది. "చూశావా? కూర్చునే చోటంటే ఇదీ. రేపు పొద్దున్నే బెంచీలు వెయ్."