ఆకులు చూసి చదివిన లోవలక్ష్మి

"పలక!"

వెంకటదుర్గ అక్క అడగక ముందే లోవలక్ష్మి అరిచేసింది.

కడియంలో ఒక మొక్కల నర్సరీ అది. పచ్చ వల కట్టిన షెడ్డు కింద, అక్కడ కూలి పని చేసే వాళ్ల పిల్లలంతా కూర్చున్నారు. అక్క రాజమండ్రిలో డిగ్రీ చదువుతోంది. పిల్లలకు చదవడం నేర్పడానికి కాలేజీ అయ్యాక స్నేహితులతో కలిసి బస్సులో వస్తుంది.

అక్కది ఒక పద్ధతి. మొక్కలుండే నల్ల కవర్ల మీద తెల్ల రంగుతో ఒక్కో అక్షరం రాస్తుంది. కవర్లు పక్కపక్కన పెడితే ఒక మాట అవుతుంది.

"ప... ల..." చిట్టియ్య ఇంకా రెండో కవరు దగ్గరే ఉన్నాడు.

"నువ్వు మూడోదాని దగ్గరకొచ్చేలోపు ఆ మొక్క పువ్వు పూసేస్తుందిరా!" అంది లోవ.

అందరూ నవ్వారు. చిట్టియ్య తల వంచుకున్నాడు.

"లోవా, వెక్కిరించకు," అంది అక్క. "అందరూ వినండి. వచ్చే శనివారం స్కూలు నుంచి హెడ్ మేడమ్ గారు వస్తున్నారు. చదవగలిగితే మీ వయసు వాళ్లతో మూడో క్లాసులో చేర్చుకుంటారు. లేకపోతే ఒకటో క్లాసే."

లోవకు తొమ్మిదేళ్లు. ఇంతవరకూ స్కూలు ముఖం చూడలేదు. స్కూలు రోడ్డుకు అవతల ఉంది. ఆ రోడ్డు మీద మొక్కల లారీలు తిరుగుతూనే ఉంటాయి. "ఒక్కదానికి బ్రేకు పడకపోతే ఏంటి గతి?" అని వాళ్లమ్మ సత్యవతి కూతుర్ని కదలనివ్వలేదు. లోవ గబగబా చదవడం చూశాకే మెత్తబడింది. "మూడో క్లాసంటే పంపుతాను. నేనే చెయ్యి పట్టుకుని దాటిస్తాను," అంది.

తర్వాతి క్లాసు నాటికి అక్షరాల మొక్కలు లేవు. పొద్దున్న లారీ వచ్చి, వరసలో ఉన్నవన్నీ ఎక్కించుకుపోయింది.

"మన అక్షరాలు బెంగళూరు వెళ్లిపోయాయర్రా!" అంటూ అక్క నవ్వింది. చేతికందిన మొక్కలు తెచ్చి, వాటి కవర్ల మీద మళ్లీ రాసింది. మూడు కవర్లు వరసగా పెట్టింది.

మొదటిది క్రోటన్. తర్వాత మందారం. చివర నందివర్ధనం.

"పలక!" అంది లోవ.

అక్క తల అడ్డంగా ఊపింది.

"క... ల... ప," అన్నాడు చిట్టియ్య. "కలప!"

"కరెక్ట్!" అంది అక్క.

"కాదక్కా! క్రోటన్ అంటే 'ప' కదా! నందివర్ధనం 'క' కదా!"

అక్క ఆమెను వింతగా చూసింది. "లోవా, నువ్వు అక్షరం చూస్తున్నావా, ఆకులు చూస్తున్నావా?"

ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ లోవ ఈ మొక్కల మధ్యే పెరిగింది. ఆకు అంచు కనబడితే చాలు, మొక్క పేరు చెప్పేస్తుంది. ఏ మొక్క ఏ అక్షరమో కూడా అలాగే గుర్తు పెట్టుకుంది. కవరు మీది తెల్ల గీతల వంక సరిగ్గా చూసిందే లేదు. చదవడమంటే ఇదే అనుకుంది.

"ఇన్నాళ్లూ ఆకులు చదివిందిరోయ్!" అని ఒకడు అరిచాడు. షెడ్డంతా నవ్వులు.

"ఊరుకోండి. తప్పు నాది కూడా. రోజూ అవే మొక్కల మీద చూపించాను," అంది అక్క. "లోవా, ఎల్లుండి కాస్త ముందే రా. మొదటి నుంచి చెప్పుకుందాం."

అక్క రమ్మన్న రోజు లోవ వెళ్లలేదు. "అమ్మా, కడుపులో నొప్పి," అని చాప మీద ముడుచుకుని పడుకుంది.

సత్యవతి చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"ఎక్కడే? కుడివైపా, ఎడమవైపా? అపెండిక్స్ అయితే కుడివైపే వస్తుందంట. మందు కొట్టిన మొక్కలేమైనా ముట్టుకున్నావా? చేతులు కడుక్కోకుండా అన్నం తిన్నావా? అయ్యో దేవుడా!"

"కొంచెమే అమ్మా. పడుకుంటే తగ్గిపోద్ది."

"కొంచెమే అనే కదా అందరూ అనుకునేది! ఆటో పిలుస్తాను, పెద్దాసుపత్రికి పోదాం. ఇంక ఆ క్లాసూ వద్దు, స్కూలూ వద్దు. నా కళ్లెదురుగా ఉండు, అంతే."

ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది. సత్యవతి సంచిలో దుప్పటి కుక్కుతోంది. తొందరలో దుప్పటి జారిపోయింది. మళ్లీ కుక్కింది. మళ్లీ జారిపోయింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

లోవ లేచి కూర్చుంది.

"అమ్మా, నొప్పి లేదు."

"ఏంటి?"

"అబద్ధం చెప్పాను. నాకు చదవడం రాదు. ఇన్నాళ్లూ ఆకులు చూసి చెప్పాను. వెళ్తే అందరూ నవ్వుతారు."

సత్యవతి సంచి పట్టుకుని అలాగే కింద కూలబడింది. తర్వాత కూతురి వీపు మీద ఒక్కటి వేసింది. వెంటనే దగ్గరకు లాక్కుంది.

"నవ్వితే నవ్వనీ! నవ్వులకి ప్రాణం పోతుందా? నా ప్రాణం పోయిందే ఇక్కడ!" కొంగుతో ముఖం తుడుచుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏమనుకోకండి బాబూ. ఆసుపత్రికి అక్కర్లేదంట."

"మంచిదేగా అండీ!" అని ఆటో అతను వెళ్లిపోయాడు.

లోవ ఒక పాత గోనెసంచి భుజాన వేసుకుని షెడ్డుకు వెళ్లింది. క్లాసు సగం అయిపోయింది. ఎవరి వంకా చూడకుండా వెళ్లి, మొక్కల పైన గోనెసంచి కప్పేసింది. కవర్లు మాత్రమే బయటకు కనబడుతున్నాయి.

"ఇదేంటి లోవా?" అంది అక్క.

"ఆకులు కనబడితే నా కళ్లు అటే పోతున్నాయక్కా."

వెళ్లి చిట్టియ్య పక్కన కూర్చుంది. "నువ్వెలా చదువుతావో నాకూ చెప్పరా."

చిట్టియ్య గర్వంగా గొంతు సవరించుకున్నాడు. "ముందు నోరు మూసుకోవాలి."

"సరే."

"తర్వాత ఒక్కొక్కటే చూడాలి. గబగబా పోకూడదు."

లోవ నోరు మూసుకుంది. ఒక్కొక్కటే చూసింది.

శనివారం హెడ్ మేడమ్ గారు షెడ్డుకు వచ్చి, వెంట తెచ్చిన చిన్న బోర్డు మీద ఒక మాట రాశారు. అక్కడ ఆకులు లేవు, కవర్లు లేవు. లోవ ఒక్కొక్కటే చూసింది.

"న... డ... క." ఊపిరి పీల్చుకుంది. "నడక!"

మేడమ్ గారు ఇంకోటి రాశారు. లోవ చాలాసేపు చూసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇదివరకైతే ఏదో ఒకటి అరిచేసేదే.

"చివరి రెండూ 'డ', 'త' అండీ. మొదటిది నాకు తెలీదండి. చెప్తే నేర్చుకుంటాను."

మేడమ్ గారు వెంకటదుర్గ వైపు తిరిగారు. "ఈ అమ్మాయిని మూడులోనే కూర్చోబెడదామమ్మా. మిగతావి మనం నేర్పుదాం."

స్కూళ్లు తెరిచిన రోజు సత్యవతి కూతురి చెయ్యి నొక్కి పట్టుకుంది. రోడ్డు పక్కన ఒక లారీ ఆగి ఉంది. నిండా క్రోటన్లు, మందారాలు, గన్నేర్లు.

"పద పద! అది వెనక్కి వచ్చిందంటే?"

"ఒక్క నిమిషం ఆగమ్మా."

లోవ ఆ మొక్కల వంక చూడలేదు. లారీ వెనక రంగుతో రాసిన మాట వంక చూస్తోంది. నోరు మూసుకుని, ఒక్కొక్క అక్షరమే.

"మూడోది రావట్లేదమ్మా," అంది. "లోపలికి వెళ్లగానే మేడమ్ గారిని అడుగుతాను."