పేకాట ఫ్లాపీ

"నా ఫ్లాపీ నాకు పంపించెయ్ బావా" అన్నాడు గౌరినాయుడు ఫోన్లో. భీమిలిలోనే అవతలి వీధిలో ఉన్న అతని బావ సన్యాసిరావు చెవిలో మాత్రం "నా పుణ్యాత్ముణ్ణి నాకు పంపించెయ్ బావా" అని పడింది.

తప్పు మర్యాదజల్లెడది. జనం మాటామాటా అనుకుని తలలు పగలగొట్టుకుంటున్నారని ప్రభుత్వం ప్రతి చెవికీ ఒక చెవిపూస తొడిగించి, అందులో ఈ జల్లెడ బిగించింది. ఎదుటివాడు రాయి విసిరినా వినేవాడికి రవ్వలడ్డూయే అందుతుంది. ఫ్లాపీ అంటే పాతకాలపు కంప్యూటరు బిళ్ళ అని ఎరగని జల్లెడ దాన్ని "పాపి" అనుకుని, కడిగి, పుణ్యాత్ముణ్ణి చేసింది.

ఆ ఫ్లాపీలో ఉన్నది గౌరినాయుడి అక్క, సన్యాసిరావు భార్య, పైడమ్మ. మనిషి పోయింది. పాత కంప్యూటరు కోసం ఆవిడ అంకెలు కొట్టి కట్టిన కూనిరాగం మిగిలింది. దానికి నకలు లేదు. తద్దినంనాడు వింటానని పట్టుకెళ్ళిన బావ మళ్ళీ ఇవ్వలేదు.

గౌరినాయుడికి అనుమానం ముదిరింది. ఫ్లాపీలు చేసేవాళ్ళు తాతలనాడే చేతులెత్తేశారు. ఊళ్ళోని పాతయంత్రాల సంఘంవాళ్ళు ఉన్నవాటినే చెరిపి, రాసి, మళ్ళీ చెరిపి వాడుకుంటారు. అందులో సభ్యుడైన బావ కూడా పాట చెరిపేసి ఏదో ఆట ఎక్కించుకుని ఉంటాడు. అడిగినప్పుడల్లా "నీలాంటి బంగారం ఎక్కడుంటాడు" అన్న జవాబే వస్తోంది. ఆ తేనె వెనక తిట్టుందో నవ్వుందో తెలిసే దారి లేదు.

చివరికి ఒక పొట్లం, దానితోపాటు బావ మాట వచ్చాయి: "నీ పుణ్యాత్ముణ్ణి బాగా పొగిడి పంపిస్తున్నాను." విప్పితే ఒక ఫ్లాపీ. దాని మీద చీటీ: పేకాట.

గౌరినాయుడి ఒళ్ళు మండిపోయింది. అక్క పాటను పేకాటకు బలిపెట్టి, పైగా వెటకారమా? తిట్టాలంటే జల్లెడ అడ్డు; ఫోను తెర మీది రాతనూ అదే కడిగేస్తుంది. కానీ జల్లెడకు రాని చదువొకటుంది: ఫ్లాపీ. పాత కంప్యూటరు తెర మీద పడ్డ తిట్టు తిట్టుగానే ఉంటుంది. ఇక ఆలోచించలేదు. ఆ ఫ్లాపీనే యంత్రంలో తోసి, మొత్తం చెరిపి, కడుపులో ఉన్న తిట్లన్నీ దాని మీద రాసి కక్కాడు.

సంఘం గదిలో "చూడనిదే చెరపకు" అని గోడ మీద రాసి ఉంటుంది. ఆ నియమం పెట్టింది గౌరినాయుడే.

సంఘం కూడిన రోజు అతను ఫ్లాపీని నలుగురి ముందూ బావ చేతికిచ్చాడు. సన్యాసిరావు మొహం వెలిగిపోయింది. అందరూ వినాలంటూ తనే యంత్రంలో పెట్టాడు. తెర మీద అక్షరాలు లేచాయి: "ఓరి జోకరూ! పెళ్ళాం పాట తుడిచి పేకాట నింపుకున్న పీనుగా! మా ఇంటి రాణిని నీ చేతిలో పెట్టినరోజే మా ఆట కట్టింది..."

ఎన్నో ఏళ్ళుగా ఒక్క తిట్టూ ఎరగని సభ్యులు విందుభోజనంలా చదివి, పొట్ట పట్టుకుని నవ్వారు. సన్యాసిరావు మాత్రం చివరి అక్షరం దాకా చదివాడు. తర్వాత అందరికేసీ తిరిగి జరిగింది చెప్పాడు. సముద్రపు చెమ్మకు ఫ్లాపీ బూజు పట్టింది. పై డొప్ప పనికిరాకుండా పోతే లోపలి నల్ల బిళ్ళను తీసి, ఆరబెట్టి, పేకాట ఫ్లాపీ డొప్పలో అమర్చాడు. నడుమ ఏం చేశాడో చెబితే జల్లెడ మళ్ళీ చెడగొడుతుందని అరచేతిలో బిళ్ళను పెట్టుకున్నట్టు చేసి, వేలితో మెల్లగా కడిగి చూపించాడు. తను "కడిగాను" అన్నది తిట్టడమనుకుని "పొగిడాను" చేసింది జల్లెడ. పుణ్యాత్ముడంటే ఇదేనని పోల్చుకోవడానికి తనకూ చాలాకాలమే పట్టిందని ఫ్లాపీని చూపిస్తూ అన్నాడు.

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరో గోడ మీది నియమం వైపు చూశారు. గౌరినాయుడు చూడలేకపోయాడు.

సన్యాసిరావు ఫ్లాపీని బయటికి తీశాడు. ఇక ఏ యంత్రమూ చెరపకుండా దాని మూలనున్న బుల్లి మీటను గోటితో జరిపాడు.

"దీని మీద మీ అక్క పాటుండేది. ఇప్పుడు నీ రాతున్నాది. దీన్ని ఇంకెవులూ తుడవొద్దు. ఏటేటా తద్దినంనాడు అందరం కూకుని సదువుకుందాం" అన్నాడు మెల్లగా.

ఆ మాట గౌరినాయుడి చెవిలో ఉన్నదున్నట్టే పడింది. ఏరి పారేయడానికి జల్లెడకు అందులో ఒక్క రాయీ దొరకలేదు.