నిప్పు బుట్టలో పెట్టు

హైదరాబాద్‌లో గూఢచారి సంస్థ చీఫ్ చూపుడువేలు మ్యాప్ మీద ఆదోని కోసం వెతుకుతూ రాయచూరు దాకా పోయి ఆగింది.

"ఇంకా కిందికి సార్," అంది ఏజెంట్ హులిగమ్మ.

వేలు కిందికి జారింది. ఆదోని దొరికాక చీఫ్ ముఖం చిట్లించాడు. "ఇక్కడ విమానం ఎవడు కడతాడు?"

"మీరే కదా సార్ చెప్పాల్సింది. బ్రీఫింగ్ మీది."

చీఫ్ దగ్గి ఫైలు తిప్పాడు. యూసుఫ్ సాబ్. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్లు చూసి రిటైరయ్యాడు. ఆదోనిలో పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు వెనక గోడౌన్లో, పాత కారు ఇంజన్ పెట్టి ఒక్కరు కూర్చునే విమానం సొంతంగా కట్టాడు. దానికి పెట్రోలును రగిలించే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ తనే తయారు చేశాడు. గురువారం నందవరం దగ్గర బీడు భూమిలో టెస్ట్ ఫ్లైట్. చూడడానికి ఢిల్లీ నుంచి ఆఫీసర్లు వస్తున్నారు. ఆ ఇగ్నిషన్ వాళ్ళకు నచ్చితే దేశంలోని చిన్న విమానాలకు ఇక్కడే తయారవుతుంది. నచ్చకపోతే బయటినుంచి కొనాలి. అమ్మడానికి 'సిల్వర్ స్పార్క్' అనే విదేశీ ముఠా సంచి విప్పుకుని కూర్చుంది.

"ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. కోడ్ నేమ్ నెమలి. 'పత్తి తడిగా ఉందా?' అని అడుగు. 'తడి లేదు, రాళ్ళున్నాయి' అంటే ఆమే." చీఫ్ ఒక పెట్టె ముందుకు తోశాడు. రేడియో పెన్ను, బొత్తాం కెమెరా, మడమలో కత్తి దాచిన చెప్పులు. "అన్నట్టు, నీ పేరు మార్చుకోకూడదా? ఫాల్కన్ అనో, ఏదో."

"మా వైపు ఇంటికొక హులిగమ్మ ఉంటాది సార్. ఫాల్కన్ ఒగతే అయితే ఊరంతా చూస్తాది."

జిన్నింగ్ మిల్లులో ఊడ్చే పనికి పోతున్న మనిషికి మడమ చెప్పులిచ్చిన చీఫ్‌ను తలుచుకుని ఆమె రైల్లో ఆదోని దాకా నవ్వుకుంది. ఎదుటివాళ్ళను తక్కువ అంచనా వేయడం ఆమెకున్న ఒకే ఒక్క జబ్బు. చాలాసార్లు ఆ అంచనా నిజం కావడంతో జబ్బు ముదిరిపోయింది.

ఆదోని మిల్లు గేటు దగ్గర ఉచ్చీరమ్మ దేవనకొండ సంతలో కొన్న వెదురు బుట్టతో కూర్చుని ఉంటుంది. లోపల గుట్టలు గుట్టలుగా పత్తి. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకని లోపలికి పోయే ప్రతి మనిషీ అగ్గిపెట్టె ఆ బుట్టలో వేయాల్సిందే. "నిప్పు బుట్టలో పెట్టు" అని ఆమె ఒక్క కేక వేస్తే చేతులు వాటంతట అవే జేబుల్లోకి పోతాయి. సాయంత్రం పని ముగిసిందని మిల్లు సీటీ కొట్టాక బుట్ట బయట పెడుతుంది. ఎవరి చేతికి ఏది వస్తే అది వాళ్ళది. అగ్గిపెట్టెకు పేరు రాసుకున్నవాడు ఆదోనిలో ఇంతవరకు పుట్టలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆ గేటు ముందు కారు ఆగింది. విదేశీ విమానాల పత్రిక విలేకరినంటూ బ్రాంట్ అనే తెల్లదొర దిగాడు. వెంట నల్లకళ్ళజోడు, పట్టుచీర, ఆమడ దూరం కొట్టే సెంటుతో లోరా అనే సహాయకురాలు.

దొర జేబులో వెండి లైటర్ మెరిసింది. ఉచ్చీరమ్మ బుట్ట చాపింది.

"ఇది ఖరీదైన వస్తువు. ఇవ్వడం కుదరదట," అంది లోరా.

"అట్లనా తల్లీ. అయితే ఆయప్పను కార్లోనే కూకోమను."

"ఆయన ఎవరో తెలుసా?"

"దొరైతే వాళ్ళూర్లో. పత్తికేం తెలుసు ఆయప్ప దొరని? బుట్టలో పెట్టమను."

బ్రాంట్ రెండు వేళ్ళతో లైటర్ పట్టుకుని, బీడీ మనుషుల అగ్గిపెట్టెల మధ్యకు వదిలాడు. వసారా ఊడుస్తున్న హులిగమ్మ చూసింది. లోపల కెమెరా ఉంటుందనుకుంది. ప్రపంచాన్ని ఏలదలచిన ముఠా గేటు దాటలేకపోయింది. వీళ్ళను పట్టుకోవడానికి తనే కావాలా, మిల్లు వాచ్‌మన్ చాలడా?

వెనక గోడౌన్‌లో యూసుఫ్ సాబ్ విమానం నిలబడి ఉంది. పొద్దున ఊడ్చేటప్పుడు సాబ్ ఆమెకూ పాఠం చెప్పాడు. వినే చెవి దొరికితే చాలు, అది ఎవరి చెవి అన్నది ఆయనకు పట్టదు.

"సూడమ్మీ, మాగ్నెటో అని పాతకాలం సామాను. ఇంజన్ ఎంత జోరుగా తిరిగినా అది ఒగే చోట స్పార్క్ ఇస్తాది. నా పెట్టె అట్ల కాదు. జోరు పెరిగితే స్పార్క్ ముందుకు జరుపుతాది. పైకి పోతే గాలి పల్చనైతాది కదా, ఇంకొంచెం ముందుకు. పెట్రోలు తక్కువ తాగుతాది, గద్ద మాదిరి ఎక్కుతాది."

"బ్యాటరీ ఆగిపోతే సాబ్?"

"ఆగదు."

"పెట్టె ఆగిపోతే? తోడుకు మాగ్నెటో పెట్టుకుంటారంట కదా, దానికి బ్యాటరీ అక్కర్లేదని."

"తీసేసినాను. నా పెట్టె ఉండంగ దానికి తోడెందుకు? మూడు కిలోలు తగ్గినాది. మా జొహరాబీనే నడపమన్నది కూడా అందుకే. ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చింది, ఇంట్లో అందరికన్నా తేలిక."

రెక్క తుడుస్తున్న జొహరాబీ తలెత్తింది. "నా జడ కూడా కోయమన్నాడు అక్కా. బరువంట."

హులిగమ్మ నవ్వలేదు. కూతురి బరువు తూచినవాడు ప్రాణం తూచలేదు.

ఇప్పుడు బ్రాంట్ ఇగ్నిషన్ పెట్టె మీదికి వంగి, పెళ్ళిచూపుల్లో పిల్ల గడ్డం పట్టుకున్నట్టు తడిమాడు. సాబ్ పొగడ్తలకు ఉబ్బిపోయి కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళు పోయాక హులిగమ్మ పెట్టె చూసింది. స్క్రూలన్నీ ఉన్నాయి. కళ్ళతో దొంగిలించుకుని పోయాడులే అనుకుని చీపురు అందుకుంది. అడుగు భాగం తడిమి చూడలేదు.

సీటీ కొట్టిన తర్వాత గేటు దగ్గర బ్రాంట్ మోకాళ్ళ మీద కూర్చుని బుట్టలో వెతుకుతున్నాడు. లైటర్ లేదు. "ఎవరో ఏసుకోని పోయింటారు. నువ్వూ ఒగటి ఏసుకో అప్పా," అని ఉచ్చీరమ్మ ఒక అగ్గిపెట్టె అందించింది. దొర ముఖం పాలిపోయింది. అంతలోనే ఏదో తోచినట్టు సన్నగా నవ్వాడు. ఆ నవ్వు హులిగమ్మకు నచ్చలేదు.

గురువారం పొద్దున నందవరం బీడు తిరునాళ్ళయింది. ఎమ్మిగనూరు నుంచి బస్సుల్లో, ఆదోని నుంచి లారీల్లో జనం దిగారు. మిల్లు పనివాళ్ళంతా అక్కడే. ఉచ్చీరమ్మ కూడా అదే బుట్ట నిండా ఉడకబెట్టిన శెనక్కాయలతో వచ్చింది. జొహరాబీ మీట నొక్కగానే ఇంజన్ ఒక్క దగ్గు కూడా లేకుండా అందుకుంది. విమానం పరుగెత్తి, బీడు చివర బండరాళ్ళు రాకముందే నేల విడిచింది.

హులిగమ్మ సెంటు వాసన పట్టుకుని లోరా పక్కకు చేరింది. "పత్తి తడిగా ఉందా?"

"తడి లేదు, రాళ్ళున్నాయి." లోరా కళ్ళజోడు సర్దుకుంది. "ఆలస్యం చేశావు. అది కెమెరా కాదు. నిన్న పెట్టె అడుగున చింతపిక్కంత రిసీవర్ అంటించాడు. ఇంజన్ తిరుగుతుండగా లైటర్ మూత తెరిస్తే పెట్టె చచ్చిపోతుంది. మైలు దూరం పనిచేస్తుంది."

"లైటర్ వాడి దగ్గర లేదు కదా."

"అందుకే నవ్వుతున్నాడు. ఇంత జనంలో ఎవడో ఒకడు బీడీ ముట్టించకపోడు. నేరం కూడా వాడిదే అవుతుంది."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"ఎవరు గెలుస్తారో చూద్దామని."

హులిగమ్మకు ఆమెను తిట్టడానికి కూడా మనసొప్పలేదు. తిట్టుకైనా ఒక మర్యాద ఉంటుంది.

విమానం బండరాళ్ళ మీద చుట్టు తిరుగుతోంది. ఇప్పుడు ఇంజన్ ఆగితే దిగడానికి చోటు లేదు. తోడు మాగ్నెటో గోడౌన్ మూలన పడి ఉంది. రేడియో పెన్ను తీస్తే అందులో చీఫ్ తప్ప ఎవరూ పలకరు. అంత జనంలో ఏ జేబని వెతకడం?

ఆమె పరుగెత్తిపోయి బుట్టలోని శెనక్కాయలు నేల మీద గుమ్మరించింది.

"ఏమే, నీకేం పొయ్యేకాలం?" అంది ఉచ్చీరమ్మ.

"అక్కా, బండెక్కి మిల్లుకేక వెయ్. జొహరాబీ బతకాలంటే ఇప్పుడే వెయ్."

ఉచ్చీరమ్మ పక్కనున్న ఎద్దుల బండి ఎక్కి బుట్ట చాపింది. మిషన్ల మోతను దాటి వినిపించే గొంతు అది.

"నిప్పు బుట్టలో పెట్టు!"

ఆకాశం వైపు చూస్తున్న మనుషులు చూపు తిప్పకుండానే జేబుల్లో చేతులు పెట్టారు. అగ్గిపెట్టెలు టపటపా రాలాయి. బండి చక్రానికి ఆనుకుని ఉరుకుందప్ప అనే పత్తి బేళ్ళు మోసే మనిషి నోట్లో బీడీ పెట్టుకుని, వెండి లైటర్ మూత కింద బొటనవేలు దూర్చి ఉన్నాడు. మూత వెంట్రుకవాసి లేచింది. పైన ఇంజన్ ఒక్కసారి తడబడింది.

కేక చెవిన పడింది. వేలు ఆగింది. చెయ్యి తనంతట తాను లేచి లైటర్‌ను బుట్టలో వేసింది. బీడీ మాత్రం నోట్లోనే ఉంది. తర్వాత ఉరుకుందప్ప చుట్టూ చూసి, "ఈడ మిల్లు యాడుందక్కా?" అన్నాడు.

ఇంజన్ మళ్ళీ ఏకధాటిగా మోగింది.

బ్రాంట్ జనాన్ని తోసుకుంటూ వచ్చి బుట్టలోకి చెయ్యి పెట్టాడు. ఉచ్చీరమ్మ ఆ చేతి మీద చెళ్ళున కొట్టింది. "సీటీ కొట్టలేదింకా."

అతను వెనక్కి తిరిగేలోగా హులిగమ్మ తలగుడ్డ విప్పి రెండు చేతులూ వెనక్కి విరిచి కట్టింది. మఫ్టీలో ఉన్న ఎమ్మిగనూరు పోలీసులు, అంతా అయిపోయాక వచ్చే అలవాటు ప్రకారం, అప్పుడొచ్చారు. లోరా నవ్వుతూ, "చివరికి మనమే గెలిచాం," అంది. హులిగమ్మ ఆమెను కూడా జీపెక్కించింది.

విమానం దిగింది. ఢిల్లీ ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు. ఇగ్నిషన్ వాళ్ళకు నచ్చింది. యూసుఫ్ సాబ్ మాత్రం చప్పట్లు వినలేదు. పెట్టె అడుగున అంటుకున్న చింతపిక్కను గోటితో పెరికి, కూతురి వైపు తిరిగాడు.

"మాగ్నెటో మళ్ళ బిగిస్తానమ్మా."

"బరువు కదా అబ్బాజాన్."

"ఉండనీ. జడా ఉండనీ."

వారం తర్వాత చీఫ్ రిపోర్టు ముందు పెట్టుకుని, తనిచ్చిన పరికరాల్లో శత్రువును దెబ్బతీసినది ఏదని ఫోన్లో అడిగాడు.

"వెదురు బుట్ట సార్."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు. "మన స్టోర్స్ లిస్టులో లేదే. ఏ దేశం మోడల్?"

"దేవనకొండ సార్," అని హులిగమ్మ ఫోన్ పెట్టేసింది.