పగిలిన చోటు ఎవరూ చూడని కుండీ

దస్త్రానికి కట్టిన తాడు ముడి ఎడమవైపునే ఉండాలి. అది కుడివైపుకు జారిన నాడు ప్రభుత్వాలు నిలవవు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఈ సత్యాన్ని గ్రహించిన నాగభూషణం గారు, ఒక మంత్రిత్వ శాఖ రికార్డు విభాగానికి అధికారి, ఢిల్లీ ద్వారకలోని తమ ఫ్లాటును కూడా అదే సూత్రం మీద పాలిస్తున్నారు. గ్యాస్ బుకింగులకు ఒక ఫైలు, పాలవాడిపై ఫిర్యాదులకు ఒకటి, భార్య నాగమల్లేశ్వరి పంటినొప్పికి రెండు సంపుటాలు.

2008 నవంబరులో ఒక గురువారం ఉదయం, ఇడ్లీ పళ్లేల మధ్యకు ఒక ఫారం వచ్చింది. కూతురు ఉషకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం ఖాయమైంది. సోమవారంలోగా ఆ ఫారం నింపి ఇవ్వాలి. అందులో పన్నెండో ప్రశ్న: మీపై ఎప్పుడైనా కేసు నడిచిందా?

ముగ్గురికీ ఒకే కుండీ గుర్తొచ్చింది. ఆరేళ్ల కిందట, పదహారేళ్ల ఉష ఎదుటి బ్లాకు కల్నల్ గారి గేటు పక్కనున్న కుండీ ఎత్తుకొస్తూ పట్టుబడింది. కల్నల్ గారు దానిని దేశ సరిహద్దుపై జరిగిన దురాక్రమణగా పరిగణించి పోలీసులను రప్పించారు. బాలల న్యాయ మండలి ఉషను మందలించి ఇంటికి పంపింది.

"లేదని రాసెయ్యవే," అంది నాగమల్లేశ్వరి.

"అబద్ధం నేర్పకు," అన్నారు నాగభూషణం గారు. "ఉందని రాసి, ఆర్డరు కాపీ జతచేద్దాం."

"జతచేస్తే అది నా సర్వీసు ఫైల్లో నేను రిటైరయ్యేదాకా ఉంటుంది నాన్నా. ప్రతి ప్రమోషన్‌కీ ఎవరో ఒకరు తీసి చదువుతారు. పిల్లల కేసుల రికార్డు తీసేస్తారట కదా."

"తీసేశారని రుజువేది?"

ఆ రుజువు కోసం ఆయన సెలవు పెట్టి, కూతురిని వెంటబెట్టుకుని మండలి కార్యాలయానికి వెళ్లారు. అక్కడి ముసలి గుమాస్తా రెండు రిజిస్టర్లు తిరగేసి, తృప్తిగా తల అడ్డంగా ఊపాడు.

"కుఛ్ నహీ హై సాబ్, రిజిస్టర్లో ఏమీ లేదు. గడువయ్యాక తీసేశాం. చట్టం దృష్టిలో మీ అమ్మాయి మీద ఏ కేసూ లేదు. నిశ్చింతగా ఉద్యోగంలో చేరమనండి."

"ఆ మాటే రాసివ్వండి. ఫలానా ఉష కేసు రికార్డు ఇక్కడ లేదని."

గుమాస్తా కళ్లజోడు తీశాడు. "అలా రాస్తే, ఉష పేరున ఒక కేసు ఉండేదని రికార్డవుతుంది కదా సాబ్. దానికి నంబరు వేయాలి, ఆఫీసు కాపీ ఉంచాలి."

ఈ వాదన ఎంత అభేద్యమో నాగభూషణం గారికన్నా బాగా తెలిసినవారు ఢిల్లీలో లేరు. ఆయన చివరి అస్త్రంగా సంచిలోంచి తాను దాచుకున్న ఉష కేసు ఫైలు తీసి బల్లమీద పెట్టారు. గుమాస్తా దాన్ని తాకకుండానే చూశాడు.

"సాబ్, ఈ కేసు ఇప్పుడు మీ సంచిలో తప్ప దేశంలో ఇంకెక్కడా లేదు."

ఇంటికి వచ్చాక ఉష తల్లి ముందే ఆ ఫైలు తెరిచింది. ఆర్డరు కాపీలకు ముందు ఒక ఆకుపచ్చ కాగితం, దాని మీద తండ్రి దస్తూరీలో ఆరు వరుసలు, అన్నిటా ఇవే మాటలు. సమీక్షించడమైనది. ఈ ఏడాది కొత్త విషయం లేదు. ఫైలు కొనసాగించవలెను. ప్రతి వరుస కింద సంతకం, తేదీ.

"ఈ తేదీలన్నీ నా పుట్టినరోజులు," అంది ఉష. "పొద్దున కేకు కోయించి, సాయంత్రం ఇది రాసేవారా?"

"అనుమానంతో కాదమ్మా. రేపు ఎవరైనా అడిగితే, మా అమ్మాయి బాగానే ఉందని చూపించడానికి ఒక కాగితం ఉండాలి కదా."

"ఎవరడిగారు నాన్నా? అందరూ మర్చిపోయారు. ఆఖరికి కల్నల్ అంకుల్ కూడా నన్ను చూసి నమస్తే అంటారు. మీరొక్కరే నన్ను కొనసాగిస్తున్నారు. ఆరుసార్లు రాశారు గానీ, ఆ కుండీ ఎందుకు తీశావని ఒక్కసారి అడిగారా?"

నాగభూషణం గారు ఆ ఆకుపచ్చ కాగితం వెనక వైపు కూడా తిరగేసి చూశారు. నాగమల్లేశ్వరే మెల్లగా అడిగింది.

"ఎందుకు తీశావే?"

"నువ్వు తెనాలి నుంచి తెచ్చిన కరివేపాకు మొక్క నూనె డబ్బాలో ఎండిపోతోందని ఏడ్చావు కదమ్మా. దానికి పెద్ద కుండీ కావాలన్నావు."

నాగమల్లేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాగభూషణం గారు తన కలాన్ని కూతురి చేతికిచ్చారు. ఉష పన్నెండో ప్రశ్నకు ఎదురుగా 'లేదు' అని రాసింది. ఆయన దాన్ని సరిచూడలేదు. సర్వీసులో అది మొదటిసారి.

తరువాత ఎడమవైపు ముడి విప్పి, కాగితాలను ఒక్కొక్కటిగా చింపసాగారు. చదవకుండా చింపే అలవాటు లేదు గనుక, అన్నింటికన్నా అడుగున మిగిలిన పోలీసుల స్వాధీన పత్రాన్ని కూడా పైకే చదివారు.

"మట్టి కుండీ, ఒకటి. ఖాళీ. అడుగున పగిలినది."