ఎయిర్‌పోర్టు ముందు షామియానా

“ఎయిర్‌పోర్టు ముందు షామియానా ఏంది జ్యోత్స్నా? నలుగురు చూస్తే నవ్విపోతరు,” అన్నాడు జయప్రకాశ్.

“నవ్వేటోళ్లను నవ్వనీ. లోపల కాలు పెట్టే సందు లేదు,” అంది జ్యోత్స్న.

అడవి అంచున కొత్తగా తెరిచిన చిన్న ఎయిర్‌పోర్టు అది. భద్రాచలంలో కల్యాణం రోజులు. విమానం ఎక్కేది ఒక్కరైతే, సాగనంపడానికి ఊరంతా సద్దిమూటలతో పొద్దున్నే దిగుతోంది. కొత్త హాలు కట్టేదాకా జనం ఆగరు కదా. అందుకే టెర్మినల్ ఆఫీసరు జ్యోత్స్న ములకలపల్లి నుంచి టెంటు, కుర్చీలు, కూలర్లు కిరాయికి తెప్పించింది. సాగనంపేవాళ్లు బయటే ఉండాలి. ప్రయాణికులైనా తమ ఫ్లైట్ పిలిచాకే లోపలికి రావాలి.

జయప్రకాశ్ ఎయిర్‌లైన్స్ మేనేజరు. కౌంటర్ల దగ్గర పోట్లాటతో మొదలైన వాళ్లిద్దరి పరిచయం ప్రేమగా మారింది కానీ, ఏడాదిగా “అమ్మకు మెల్లగా చెప్త” దగ్గరే ఆగిపోయింది. తండా పిల్లను అమ్మ కోడలిగా ఒప్పుకోదని అతని భయం. ఆ ‘మెల్లగా’ వింటేనే జ్యోత్స్నకు ఒళ్లు మండేది.

మధ్యాహ్నం ఎర్రుపాలెం నుంచి అతని తల్లి సీతారావమ్మ వచ్చింది. సాయంత్రం ఫ్లైటుకు రెండు కార్ల చుట్టాలతో వచ్చి, నేరుగా గేటు దగ్గరికి నడిచింది.

“మీ ఫ్లైట్ పిలిచేదాక టెంటుల కూసోండమ్మా,” అంటూ జ్యోత్స్న అడ్డం నిలబడింది.

“మా అబ్బాయి ఇక్కడ మేనేజరు. నన్ను ఆపడానికి నువ్వెవరివి?”

జ్యోత్స్న పక్కనే ఉన్న జయప్రకాశ్ వైపు చూసింది. ఇవాళ కూడా తల దించుకుంటే ఇక ఇతనితో మాటే లేదనుకుంది. ఆ చూపుకు అతని చెవులు ఎర్రబడ్డాయి.

“ఇక్కడ ఆమె చెప్పిందే నడుస్తదమ్మా.” అతను అక్కడితో ఆగలేదు. “ఇంకో మాట. నేను పెళ్లి చేసుకుంటే ఈ జ్యోత్స్ననే చేసుకుంట. వాళ్లది తండా. నీకు కోపమొచ్చినా సరే.”

చుట్టాలంతా జ్యోత్స్న వైపు తిరిగారు. జ్యోత్స్నకు అతని చెయ్యి పట్టుకోవాలనిపించింది. డ్యూటీ గుర్తొచ్చి మానుకుంది.

సీతారావమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసి, వెళ్లి టెంటులో కూర్చుంది. కాసేపటికి జ్యోత్స్నను చేత్తో పిలిచింది.

“ఇటొచ్చి కూర్చో. నీతో మాట్లాడాలి.”

“డ్యూటీల ఉన్నమ్మా, కూసునుడు కుదరదు. పెళ్లి మాటైతే మా తండాకు రావాలె. మా అమ్మానాయినలతోటి మాట్లాడాలె.”

“పొగరుబోతు పిల్లే,” అంది సీతారావమ్మ కొడుకుతో. “వాళ్ల ఇంటికి దారి నీకు తెలుసుగా?”

“తెల్వదమ్మా. నీకు చెప్పందే గడప తొక్కనియ్యనన్నది.”

సీతారావమ్మ జ్యోత్స్న వైపు మళ్లీ చూసింది. ఈసారి కాస్త ఎక్కువసేపే చూసింది.

“అయితే ఆ పిల్లనే అడుగు, మనల్ని ఏ రోజు రమ్మంటుందో.”