ఇంటి కోసం కట్టుకున్న పుస్తె

జగపతి పోయి పదో రోజు. పొద్దు పొడుస్తోంది. బచ్చన్నపేటలో ఆ ఇంటి పెరటి అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. ఎదురుగా, బాయి పక్కన పీట మీద వనమాల.

అరవైతొమ్మిది తెలంగాణ లొల్లి ఏడాది ఆ గడప తొక్కింది. పన్నెండేళ్లు జగపతికి వండిపెట్టింది, మంచాన పడితే మలమూత్రాలెత్తింది. మెడలో పుస్తె మాత్రం పడలేదు. "సరోజనకు కట్టిన చెయ్యి ఇంకొకరికి కట్టది," అనేవాడు, చచ్చిన పెళ్లాన్ని తలుచుకుని. ఆ పేరు వింటేనే వనమాల మండిపడేది. కాటికిపోయిన దానికున్న హక్కు కాపురం చేసిన దానికి లేదా?

జగపతి తమ్ముడు మహిపాల్ ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. "ఉంచుకున్నదానికి వాటా ఏంది?" పెద్దమనుషులు ఒక మాట తేల్చారు: పదో దినం పుస్తె తీయించుకుంటే పెండ్లామే, ఇల్లు ఆమెదే.

అందుకే వనమాల చీకటితోనే లేచి తన మెడకు తానే పసుపుతాడు కట్టుకుంది. ఒకటే ముడి.

పుస్తె తీయడానికి వచ్చిన పక్కింటి ముసలి విధవ రాజమణి గొణిగింది. "బిడ్డా, రెండో పెండ్లామంటే సచ్చిన సవతి పేర బిళ్ల గూడ తాడుకు ఏసుకోవాలె. లేకుంటే ఆమె ఊకోదు."

"బతికినన్ని దినాలు ఆయన దాన్నే నెత్తిన వెట్టుకున్నడు. ఇగ నా మెడల గూడనా? థూ!"

రాజమణి ఆమె వెనక్కి వెళ్లి తాడు తడిమింది. ఆగింది.

"ముడి ఏది?"

"ఆడనే ఉన్నది, చూడవ్వా."

"లేదు బిడ్డా... తాడు సుట్టూ ఒక్కతీరుగున్నది."

అరుగు మీంచి మహిపాల్ నవ్వాడు. "పుస్తె ఊడకుంటే ముండరాలు కాదు. ఇల్లు నాదే!"

"కొయ్యవ్వా!" వనమాల పళ్లు కొరికింది.

కొడవలి ఆనింది. తాడు పుటుక్కున తెగింది. హమ్మయ్య...

తెగిన కొసలు ఒళ్లో పడలేదు.

రాజమణి కొడవలి వదిలేసి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని బాయి అవతలికి జరిగింది. ఆమె చూపు వనమాల మీద లేదు. వనమాల వెనక ఉంది.

మెడ మీద వెచ్చని ఊపిరి. చుట్ట వాసన. జగపతి వాసన.

"కడుతున్నవా?" గుసగుసగా అడిగింది వనమాల.

ఒక ముడి పడింది. వనమాల కళ్లు మూతలు పడ్డాయి. చూసినవా సరోజనా, ఆఖరుకు నాకే...

రెండో ముడి. గట్టిగా. ఊపిరి సగమే అందుతోంది.

అప్పుడు వినబడింది, చెవి పక్కనే. గాజుల చప్పుడు.

రాజమణికి గాజులు లేవు. వనమాలవి ఇందాకే పగలగొట్టారు.

మూడో ముడి... మెల్లగా బిగుస్తోంది.