ఏప్రిల్ తొమ్మిదో తేదీ వేలిముద్ర

ఓక్లహోమాలో చమురు పడిన నాటినుంచీ డిటెక్టివ్ టార్‌వాటర్ గడప తొక్కేవాళ్లందరిదీ ఒకటే గోడు, భూమి పోయిందని. ఆ అక్టోబరు ఉదయం వచ్చిన వైసీ ఫిక్సికో క్రీక్ అనే ఆదివాసీ తెగ పిల్ల.

"సోమవారానికల్లా ఇల్లు ఖాళీ చెయ్యాలంటున్నారయ్యా. మా అమ్మ ఏప్రిల్లోనే పొలం అమ్మేసిందట! పోయిన నెల చనిపోయేదాకా నాతో ఒక్క ముక్కయినా అనలేదు."

"దస్తావేజు మీది వేలిముద్ర ఆమెదేనా?"

"అమ్మదే. బొటనవేలి మీది కత్తిగాటు ముద్రలోనూ ఉంది."

ముద్ర నిజమైతే ఇక చేసేదేముందని సహాయకుడు పర్డీ ఉసూరుమన్నాడు. అయినా గురువుగారి మీద నమ్మకంతో వెంట నడిచాడు. కోర్టులో దస్తావేజు రెండు కాగితాలు. మొదటిదాని మీద అమ్మకం, ఏప్రిల్ తొమ్మిదో తేదీ. రెండోదాని మీద పేరు, ఊదారంగు ముద్ర, సాక్షిగా మిస్ కాలీ సంతకం. ఆమె క్రీకుల భూములు మింగే లాయర్ల మీద ఏళ్లుగా పోరాడుతున్న మనిషి! పర్డీకి మతి పోయింది. అక్కణ్ణుంచి వైసీ ఇంటికి వెళ్లారు. దడి పొడుగునా పోక్ అనే అడవి మొక్క ఊదా పండ్లు గుత్తులుగా వేలాడుతున్నాయి. టార్‌వాటర్ ఒకటి చిదిమి, వేలు చూసుకుని, నిట్టూర్చాడు.

శనివారం మధ్యాహ్నం హోటల్లో అందరినీ కూర్చోబెట్టాడు. వైసీ, మిస్ కాలీ, పొలం కొన్న స్ట్రౌడ్, దస్తావేజు రాసిన లాయరు పెటిబోన్. గుమ్మంలో షెరీఫ్ నిలబడ్డాడు.

"సంతకం మీదేనా, మేడమ్?"

"నాదే. కానీ అమ్మకానికి కాదు. అనాథల భూములు కాపాడమని గవర్నరుకు అర్జీ పెట్టాం. ఆగస్టు ఆఖరున ఇల్లిల్లూ తిరిగి ముద్రలు వేయించాను. వీళ్లింట్లో సిరాబుడ్డి పగిలితే, వాళ్లమ్మే దడి మీది పండ్లు నలిపి ముద్ర వేసింది."

"ఇంటికో కాగితమా?"

"పెటిబోన్ గారే అలా చెయ్యమన్నారు. అర్జీ ఉచితంగా రాసిచ్చిందీ ఆయనే."

పెటిబోన్ నవ్వాడు. "ఆ ముద్ర వేరండీ. ఇది ఏప్రిల్లో నా ఆఫీసులో వేసింది."

"ఏప్రిల్లో పండ్లెక్కడివి?" వైసీ దిగ్గున లేచింది. "అప్పుడు లేతాకు కోసి కూర వండుకుంటాం!"

"పట్నంవాడికి ఆ సంగతి తెలియలేదమ్మా," అన్నాడు టార్‌వాటర్ అలసటగా. "మేలో మీ పక్క పొలంలో చమురు చిమ్మింది. అంతకు ముందే కొన్నట్టు ఉంటే కారుచవకగా ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. అందుకే అర్జీ ముద్రకు అమ్మకం కాగితం తగిలించి, పాత తేదీ వేశాడు."

"నాకేం తెలీదు, డబ్బిచ్చి కొన్నాను," అని స్ట్రౌడ్ నీళ్లు నమిలాడు. షెరీఫ్ పెటిబోన్ భుజం మీద చెయ్యేశాడు. గురువుగారు గెలిచారని పర్డీ పొంగిపోయాడు. గురువుగారి ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"ఎన్ని ఇళ్లు తిరిగారు, మేడమ్?"

"నలభై ఒకటి."

"తక్కిన నలభై కాగితాలు ఎవరి దగ్గరున్నాయి?"

ఆమె పెటిబోన్ వైపు చూసింది. అతడు తల తిప్పుకున్నాడు.

"దేవుడా! నన్ను నమ్మే వేలిముద్ర వేశారు వాళ్లంతా," అంటూ ఆమె కుర్చీలో కూలబడింది.

వైసీ శాలువా కప్పుకుంది.

"లేవండమ్మా. ఆ నలభై ఇళ్లకూ వెళ్లి చెప్పాలి. మీకిక ఎవరూ తలుపు తియ్యరు. నేను ముందు నడుస్తాను, పదండి."